ఆ మాట నేరానికి పేరు కాదు

సంపాదకుడు గారికి,

మొన్న పేపర్లో ఒక చిన్నపిల్లపై అఘాయిత్యం వార్త చదివాను, నిందితుణ్ణి ఏ డాక్టరూ చూడకుండానే ‘పీడోఫైల్’ అని హెడ్డింగ్ పెట్టేశారు. ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది, అందులో పైస్ అంటే పిల్లవాడు, ఫిలియా అంటే స్నేహం, ప్రేమ. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియాలో పనిచేసిన మానసిక వైద్యుడు క్రాఫ్ట్-ఎబింగ్ ఈ మాటను వైద్యంలోకి తెచ్చాడు. అంటే అది పిల్లల మీద లైంగిక ఆకర్షణ కలిగే ఒక మానసిక రుగ్మతకు సంబంధించిన పేరు. పిల్లల మీద చెయ్యి వేసే వాళ్లందరికీ ఆ రుగ్మత ఉండదు, అదును చూసి చేసేవాళ్లూ ఉంటారు, చాలాసార్లు ఇంటికి తెలిసినవాళ్లే. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టంలో లైంగిక దాడి, లైంగిక వేధింపు అని స్పష్టంగా ఉంది కదా, అవే రాయండి. ఇంకోటి, పిల్లల పేరు, ఇల్లు, బడి బయటపెట్టొద్దని అదే చట్టం 23వ సెక్షన్ చెబుతోంది, ఆ వార్తలో మాత్రం వీధి పేరుతో సహా వేశారు. ఆ పిల్ల రేపు అదే వీధిలో నడిచి బడికి వెళ్లాలండీ.

ఒక తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం