లైసెన్స్ లేని కోడ్‌కి మా సంతకాలెందుకు, మంత్రి గారూ?

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ చేయిస్తున్న తెలుగు స్పెల్‌చెకర్ (తప్పు స్పెల్లింగులు పట్టే ప్రోగ్రాం) గురించి మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడింటికీ జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

ఓపెన్ సోర్స్ అన్నారు, అంటే ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కోడ్ అని. నమ్మి దానికి పని చేయడానికి వచ్చాం. కోడ్ అందరికీ కనిపిస్తోంది, నిజమే. కానీ కోడ్‌తో పాటు ఉండే పరిచయ ఫైలు రీడ్‌మీలో రెండేళ్లుగా 'లైసెన్స్: త్వరలో' అన్న ఒక్క లైనే ఉంది. లైసెన్స్ ఇవ్వకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులన్నీ యజమానివే. ఇంకొకరు దాన్ని మార్చి పంచడానికి వీల్లేదు. కంటికి కనిపించినంత మాత్రాన ఓపెన్ అయిపోదండీ.

మా దగ్గర మాత్రం అన్నీ రాయించుకున్నారు. వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ, పేజీ పేజీకీ సంతకం. 'సమస్త హక్కులు శాశ్వతంగా దఖలు పరుస్తున్నాను' అంటూ అచ్చం పొలం దస్తావేజులాగే ఉంది. మా ఊరి రిటైర్డ్ తెలుగు మాస్టారు మేడి, గొర్రు, కొండ్ర లాంటి సేద్యం మాటలు ఏరి మూడు నోటుబుక్కులు నింపి ఇచ్చారు. ఇప్పటికీ 'కొండ్ర' అని కొడితే ఫోన్లో ఎర్రగీతే వస్తుంది. ఆ మాటలు చేర్చాలంటే ఆయన కూడా సంతకం పెట్టాలన్నారు. పెద్దాయన్ని బస్సెక్కించి నోటరీ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు సవరించుకుని కాగితం ఆసాంతం చదివారు. "బాబూ, రేపు ఇవి పిల్లలందరికీ ఉచితంగానే అందుతాయి కదా?" అని అడిగారు. అందుతాయి మాస్టారూ అన్నాను. నేనిచ్చిన ఆ మాటకి మీ కాగితంలో ఎక్కడా ఆధారం లేదు. అది గుర్తొస్తే నాకు నిద్ర పట్టడం లేదు.

మాది ఉత్త అనుమానం కాదు. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ తన టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి తప్పించేసింది. కోడ్ రాసిచ్చిన బయటివాళ్ల దగ్గర ముందే ఒప్పందాలు తీసుకుని ఉండడంతో ఆ పని సులువైంది. అయినా పాత కోడ్‌కి లైసెన్స్ ఉంది కాబట్టి, దాన్ని పట్టుకుని జనం ఓపెన్‌టోఫు అనే వేరే ప్రాజెక్టు మొదలుపెట్టగలిగారు. మాకు ఆ దారి కూడా లేదు.

అసలు ఈ దస్తావేజు ఎందుకండీ? లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌లో ఎవరు రాసిన కోడ్‌పై హక్కు వాళ్లదే, ఇది ఇచ్చే హక్కు నాకుందని చెబుతూ 2004 నుంచి 'సైన్డ్ ఆఫ్ బై' అని ఒక లైను రాస్తే చాలు. హక్కులు రాసివ్వాల్సిందేనన్న నిబంధనను జీసీసీ (కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) ప్రాజెక్టు కూడా 2021లో ఎత్తేసింది. మన మండలి, గిడుగు, సురవరం ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కిందే ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు.

దయచేసి లైసెన్స్ ఫైలు పెట్టించండి. పేరున్న ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో జీపీఎల్ అయినా సరే, అపాచీ అయినా సరే. ఎప్పటికీ ఓపెన్‌గానే ఉంచుతామని మా ఒప్పందంలో రాయించండి. అది కుదరకపోతే మా కాగితాలు మాకు తిరిగి ఇప్పించండి. ఏదో ఒకటి చెప్పండి, అంతే.

మాస్టారు మొన్న నాలుగో నోటుబుక్కు పంపారు. ఇంకా టైపు చేయడం మొదలుపెట్టలేదు.

ఇట్లు,
ఒక కంట్రిబ్యూటర్