ట్రయల్‌లో చేరమన్నారని బెంగపడకు

ఒరేయ్ శీనూ,

కంటి లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) తిరగబెట్టిన అన్నయ్యకి డాక్టరుగారు ట్రయల్ (మందుని రోగుల మీద పరీక్షించే అధ్యయనం) మాట ఎత్తారని నీ ఉత్తరంలో చదివాను. "మనిషి మీద ప్రయోగమా" అంటూ నువ్వు పడే టెన్షన్ నాకు తెలుసు. కంగారులో సంతకమూ పెట్టించొద్దు, వద్దనీ చెప్పొద్దు. ఈ ట్రయల్స్ మధ్యే పనిచేస్తున్నవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఆ కన్ను సంగతి. మొదట్లో కంట్లో వాపనుకుని స్టెరాయిడ్ ఇచ్చారని మండిపడ్డావు. ఆ డాక్టర్ని మరీ తిట్టుకోకు. కంటి లింఫోమా వేషాలే అంత. అచ్చం యువైటిస్‌లా, అంటే కంటి లోపలి వాపులా ఉంటుంది: చూపు మసకబారుతుంది, కళ్ల ముందు నలకలు తేలుతుంటాయి, నొప్పీ ఎరుపూ పెద్దగా ఉండవు. స్టెరాయిడ్ పడితే తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే కొన్నాళ్లపాటు లింఫోమా కణాలు కూడా దానికి లొంగుతాయి. ఆపగానే మళ్లీ మొదలు. చివరికి విట్రెక్టమీ చేసి, కంటి లోపలి జెల్లీ తీసి చూస్తేగానీ బయటపడదు. అప్పుడు కూడా ఆ కణాలు మహా సున్నితం, శాంపిల్ ల్యాబ్‌కి ఆలస్యంగా చేరితే పాడైపోతాయి. అందుకే ఆ కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ ఎంతుందో, ఎంవైడీ88 అనే జన్యువులో మార్పుందో కూడా చూస్తారు.

కంటికీ మెదడుకీ కలిపి ఒకే వైద్యం ఏమిటంటావా? రెటీనా పుట్టిందే మెదడు కణజాలం నుంచి. రక్తంలోని మందులు రెండింటిలోకీ అంత తేలిగ్గా దూరవు. వేరేచోట వచ్చే లింఫోమాకి బాగా పనిచేసే ఆర్-చాప్ అనే మందుల కలయిక ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అందుకే మెథోట్రెక్సేట్ అనే కీమో మందు హై డోస్‌లో, దాని విషం తగలకుండా వెనకే ల్యూకోవోరిన్ అనే విరుగుడు. అన్నయ్యకి అదయ్యాక కూడా తిరగబెట్టింది కాబట్టే ఇప్పుడు లెనాలిడోమైడ్, రిటుక్సిమాబ్ జోడీ.

ఈ జోడీ మరీ కొత్తదేం కాదు. ఫ్రాన్స్‌లో రెవ్రీ అనే ఫేజ్ 2 (మందు పనిచేస్తుందో లేదో చూసే దశ) ట్రయల్‌లో, మెదడులోనో కంట్లోనో జబ్బు తిరగబెట్టినవాళ్లూ మొదటి మందుకు లొంగనివాళ్లూ కలిపి 50 మందికి ఇచ్చి చూశారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి విడత ముగిసేసరికి సుమారు మూడో వంతు మందికి జబ్బు తగ్గింది, కొందరికి పూర్తిగా. కానీ సుమారు 8 నెలలకల్లా సగం మందికి మళ్లీ ముదిరింది. ఆశ పెట్టుకోవచ్చు, నయమైపోతుందని మాత్రం అన్నయ్యకి మాటివ్వకు.

ఇక నువ్వు అడగాల్సినవి. ఇది ఏ ఫేజ్? ఫేజ్ 1 అయితే ముందు చూసేది ఎంత డోసు తట్టుకోగలరన్నదే. రెండోది ముఖ్యం: ఎంఆర్‌ఐ బాగుందని కంటిని వదిలేస్తారేమో అడుగు. రెండు కళ్లూ స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్లు వాడే సూక్ష్మదర్శిని) కింద ప్రతిసారీ చూడాల్సిందే. లెనాలిడోమైడ్ థాలిడోమైడ్ జాతి మందు, కడుపులో బిడ్డకి ప్రమాదం. మగవాళ్లకీ జాగ్రత్తలు ఉంటాయి, వదినకి కూడా ఆ మాట చెప్పు. తెల్లకణాలు పడిపోవడం, రక్తం గడ్డకట్టడం లాంటి దుష్ఫలితాల గురించి ఎలాగూ వాళ్లే చెప్తారు. ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, వైద్యం ఆపరు.

కన్సెంట్ ఫారం అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు. ఆదివారం ఫోన్ చేస్తా, అన్నయ్యని పక్కనే కూర్చోబెట్టుకో. ఆయన ఏమనుకుంటున్నారో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

నీ
మురళి