ఆ శనివారం రాత్రి మా స్టోర్ ముందు నిలబడిన వాళ్లకు కృతజ్ఞతలు

షికాగో వెస్ట్ సైడ్‌లో మా చిన్న స్టోర్ దగ్గర గొడవైందని తెలిసి మన వాళ్లు చాలామంది ఫోన్లు చేశారు. క్షేమంగా ఉన్నామని అందరికీ చెప్పాను కానీ, ఎవరి వల్ల క్షేమంగా ఉన్నామో చెప్పలేదు. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాత్రి పది దాటింది. నా భార్య కౌంటర్‌లో ఉంది, నేను వెనక కూలర్‌లో డ్రింకులు సర్దుతున్నాను. కేకలు విని బయటికొచ్చేసరికి పార్కింగ్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మీదికొకరు వెళ్తున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఏదో వీడియో గురించట. ఒకడి చెయ్యి హుడీ కింద, నడుము దగ్గరే ఉంది. అక్కడేముందో వేరే చెప్పక్కర్లేదు. నాకు కాళ్లు ఆడలేదు.

రోజూ మా దగ్గర కాఫీ తాగే పెద్దాయన అప్పుడు వచ్చారు. వీధి గొడవలు ముదరకుండా ఆపే టీమ్‌లో పనిచేస్తారాయన. చేతిలో ఏమీ లేదు. ఆ కుర్రాడికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, భుజం మీద చెయ్యేసి, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని అడిగారు. వాడు చాలాసేపు పలకలేదు. తర్వాత లేదని తల ఊపాడు. వాణ్ణి తన కారులో కూర్చోబెట్టుకున్నారు. ఆయనతో వచ్చిన ఆవిడ రెండోవాణ్ణి మాటల్లో పెట్టి వీధి చివరిదాకా నడిపించుకెళ్లారు. కారు లోపల లైటు ఒంటిగంట దాకా వెలుగుతూనే ఉంది. మర్నాడు ఇద్దరి ఇళ్లకూ వెళ్లి మాట్లాడారు.

ఈ పద్ధతి షికాగోలోనే పుట్టింది. ఆఫ్రికాలో కలరా, క్షయ, ఎయిడ్స్ మీద పనిచేసి వచ్చిన డాక్టర్ గ్యారీ స్లట్కిన్, తుపాకీ హింస కూడా అంటువ్యాధిలాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని గమనించారు. 2000లో ఇక్కడి వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్ అనే పేటలో పని మొదలుపెట్టారు. ఒకప్పుడు గ్యాంగుల్లో తిరిగి, జైలుకెళ్లి, మారి వచ్చినవాళ్లే ఇందులో ఎక్కువ. కుర్రాళ్లు వింటే వాళ్ల మాటే వింటారు. 2015లో రాష్ట్రం నుంచి నిధులు ఆగిపోయి చాలా పేటల్లో ఈ పని నిలిచిపోయింది. ప్రాణాలు కాపాడేవాళ్లకు జీతం వస్తుందో రాదో తెలియకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

పెద్దాయనకు ఒక క్షమాపణ కూడా బాకీ ఉన్నాను. మొదట్లో ఆయన షాపు ముందు గంటలకొద్దీ నిలబడుతుంటే భయపడ్డాను, అనుమానించాను. పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో మన పిల్లలు తూటాలకు బలైన వార్తలు చదివి చదివి, తెలియని ప్రతి మనిషినీ అలాగే చూశాను. తప్పు నాదే.

ఆ రాత్రి తర్వాత నా భార్య పది రోజులు కౌంటర్ దగ్గరికి రాలేకపోయింది. తలుపు గంట మోగితే చాలు, చేతులు వణికేవి. ఈ సంగతి తెలిసి ఆయన రోజూ షట్టర్ దించే టైముకి వచ్చి, మేం కారెక్కేదాకా నిలబడ్డారు. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పదకొండో రోజు తను మళ్లీ కౌంటర్‌లో కూర్చుంది.

ఆయనకు, ఆవిడకు, వాళ్ల టీమ్‌కు, మా వీధివాళ్ల సంఘం బ్లాక్ క్లబ్ వాళ్లకు, నైట్ షిఫ్టులు పంచుకున్న మన తెలుగు కుర్రాళ్లకు మా ఇద్దరి తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాను. వచ్చే శనివారం సాయంత్రం షాపు ముందు అందరికీ భోజనాలు. పులిహోర మా ఆవిడే చేస్తానంది. పెద్దాయన అల్లం టీ అడిగారు. దగ్గర్లో ఉన్నవాళ్లు తప్పకుండా రండి, ఆయన్ని పరిచయం చేస్తాను.