చెరువు ఎండే నెలల్లోనే మమ్మల్ని దిగనివ్వండి: మత్స్యశాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువుల్లో చేరిన పరాయి చేపల మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థులం, అధ్యాపకులం. మా విన్నపం ఒక్కటే: పరిశోధనకు అనుమతులు, నిధులు మార్చి లోపే ఇప్పించండి.

మన చెరువులు ఎక్కువగా అక్టోబరు–డిసెంబరు వానలకే నిండుతాయి. మే నెలకు నీళ్లు గుంటల్లోకి దిగిపోతాయి. జిలేబీ చేప (తిలాపియా), రాకాసి చేప (సక్కర్ క్యాట్‌ఫిష్), ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒకచోట చిక్కేది అప్పుడే. మళ్లీ మరవ (అలుగు) పారితే, ఒకదాని నీళ్లు మరోదానిలోకి దిగే గొలుసుకట్టులో కింది చెరువులకు జారిపోతాయి, ఇక వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

ఎండలు ముదిరేకొద్దీ వీటిదే పైచేయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 35 దగ్గర 7 కూడా కరగదు. బొచ్చె, శీలావతి ముందుగా తేలిపోతాయి. రాకాసి చేప, క్యాట్‌ఫిష్ పైగాలి పీల్చి నిలబడతాయి. జిలేబీ గుడ్లను, పిల్లలను నోట్లోనే కాచుకుంటూ ఏడాదికి చాలా ఈతలు తీస్తుంది. ఆక్సిజన్‌ను తెల్లవారకముందు, అడుగు నీళ్లలో కొలవాలి. మధ్యాహ్నం పైపైన కొలిస్తే నాచు వదిలిన ఆక్సిజన్ వల్ల అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అలాంటి లెక్కలతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

నివారణకు చేపల్ని చంపే ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి) చాలు, మోతాదు తప్పకూడదు. ఘనపు మీటరు నీటికి 250 గ్రాములు. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతున్న గుంటకు 125 కిలోలు, రాత్రంతా నానబెట్టి చల్లాలి. లోతును కంటితో అంచనా వేస్తే మందు చాలక చేపలు మిగిలిపోవచ్చు, కాబట్టి కర్రతో పది చోట్ల కొలవాలి. ముందుగా వల లాగి కొరమీను వంటి మన చేపల్ని వేరే నీళ్లలోకి మార్చాలి. మూడు వారాలు ఆ నీళ్లు విషం: పశువుల్ని రానివ్వకూడదు, ఊళ్లో దండోరా వేయించాలి. తాగునీటి చెరువులో, పారే నీళ్లలో అసలే వాడకూడదు. రాకాసి చేప కట్టలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మందు అక్కడికి అందదు. బొరియలు తవ్వి తీసి, బంకమట్టితో దట్టించాలి, లేకుంటే నీళ్లు చేరాక కట్టకే ముప్పు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. అది కలిసి రాకుండా, చెరువుల్లో వదిలే చేపపిల్లల ప్రతి లోడునూ ఒడ్డునే తెరిచి చూపించే పద్ధతి పెట్టండి.

ఈ వేసవికి ఒక్క గొలుసుకట్టు మాకివ్వండి. పై చెరువు నుంచి కిందికి దిగుతూ పని చేస్తాం. పైది వదిలి కిందిది బాగుచేస్తే తొలి వానకే చేప తిరిగొస్తుంది.

ఇట్లు,
పరిశోధక విద్యార్థులు, అధ్యాపకులు
తిరుపతి