మోకాలిచిప్ప సంగతి, ఎక్స్‌రే తీసిన ఆ అన్నకి థాంక్స్

నిన్న డిశ్చార్జ్ అయ్యాను. కాలు దిండు మీద పెట్టుకుని టైప్ చేస్తున్నాను, నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

నేను బెంగళూరు చిక్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. స్టాకంతా మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు భయం. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు నుంచి ఒక ఎక్స్‌రే, పక్క నుంచి ఒకటి, "అరుగుదల మొదలైంది, బరువు తగ్గండి" అని చీటీ.

ఈసారి ఎక్స్‌రే రూమ్‌లో ఉన్నాయన, కోలారు వైపు తెలుగు, చీటీ చూసి పక్కన పెట్టి "చిప్ప బయటికి జారినట్టు ఉంటుందా అమ్మా?" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. బయట లైన్‌లో జనం గొణుగుతున్నా, తనే పై అంతస్తుకెళ్లి డ్యూటీ డాక్టర్‌తో స్కైలైన్ వ్యూ రాయించుకొచ్చారు. మోకాలు వంచి చిప్పనీ దాని కింది గాడినీ కలిపి చూసే ఎక్స్‌రే అది. కాలు వంచితే వణుకుతోంటే, మడమ కింద తన అరచేయి పెట్టి ఆనిచ్చారు. "రిపోర్టు డాక్టరే చెప్పాలి, కానీ మీ నొప్పి నిజమేనమ్మా" అన్నారు. అంతే, అక్కడే బల్ల మీద భోరున ఏడ్చేశాను. ఆయన కంగారుపడి ఫ్యాన్ పెంచారు, పాపం.

తర్వాత సర్జన్ చెప్పింది నాకు అర్థమైనంత వరకు: తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది, బావి గిలకకి ఉన్నట్టు. చిప్ప అందులో జారాలి. ఆ గాడి కోణం మామూలుగా 138 డిగ్రీల దగ్గర ఉంటుంది, 145 దాటితే లోతు తక్కువని లెక్క, నాది 152. పట్టు లేక చిప్ప బయటికి జరుగుతుంది, బరువంతా ఆ ఒక్క అంచు మీదే పడి కార్టిలేజ్, అంటే ఎముక మీద ఉండే నున్నటి పొర, అరుగుతుంది. ఒంట్లో అన్నిటికంటే మందమైన కార్టిలేజ్ చిప్ప వెనకదేనట, అదే నాకు ఒక వైపు పోయింది. పోయింది తిరిగి రాదు కాబట్టి చిప్పని లోపలికి పట్టి ఉంచే లిగమెంటు కొత్తగా కట్టారు, ఇక తొడ కండరానికి ఫిజియో. మోకాలి నొప్పులన్నీ ఇదే అనుకోకండి, కానీ చిప్ప జారుతుంటే స్కైలైన్ వ్యూ గురించి అడగండి.

మా ఆయన, అమ్మ ఉన్నారు, చూసుకున్నారు, వాళ్ల గురించి వేరే చెప్పాలా.

ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఎముక ఆకారం చిన్నప్పటి నుంచీ అంతే కాబట్టి "ముందే ఉన్న జబ్బు" అని క్యాష్‌లెస్ ఆపేశారు. ఏ డాక్టరూ కనిపెట్టనిది నేను ఫారంలో ఏమని రాయాలండీ? ప్రీమియం కట్టించుకునేటప్పుడు ఎవరూ నా మోకాలి ఆకారం అడగలేదే. డబ్బు సర్దిన మా సేఠ్‌కి దండం, ఆయన పేరు పైనే రాయాల్సింది.

అయ్యో, రాత్రంతా బెడ్‌పాన్ అందించిన ఆయమ్మ! టిప్ ఇవ్వబోతే తీసుకోలేదు. కింద పోర్షన్ ఆంటీ రోజూ పంపిన ఉప్పిట్టు కూడా. వాకర్ అరువిచ్చిన ఎదురింటి తాతగారూ, ఫిజియో వాళ్లు వదలమనగానే తిరిగి పంపేస్తాను, కొంచెం ఓపిక పట్టండి.