యుబిక్వినాల్ పేరు చెప్పి మూడింతలు కట్టించుకుంటారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా నాన్నగారికి 71 ఏళ్లు. గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి రాత్రిపూట అటార్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు) వేసుకుంటున్నారు. పిక్కలు లాగేస్తున్నాయంటే కోక్యూ10 (కణాలు శక్తిని తయారుచేసుకోవడానికి తోడ్పడే, మన ఒంట్లోనే ఉండే పదార్థం) వాడి చూడమని డాక్టరుగారు చీటీ మీద రాశారు. అసలు టెన్షన్ మెడికల్ షాపులో మొదలైంది. షాపతను కౌంటర్ మీద రెండు రకాల కోక్యూ10 స్ట్రిప్పులు పెట్టి, ఇది యుబిక్వినోన్, పాత రకం, పెద్దవాళ్ల ఒంటికి పట్టదు, యుబిక్వినాల్ తీసుకోండి మేడమ్ అన్నాడు. ధర చూస్తే దాదాపు మూడింతలు. నాన్నగారి ఆరోగ్యం దగ్గర లెక్కలు చూసుకుంటున్నానా అనిపించి మారుమాట్లాడకుండా కొనేశాను. ఆ తర్వాత కూర్చుని చదివాక ఒళ్లు మండింది.

ఇవి రెండు మందులు కావు. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ ఎద్దు గుండె కణాల నుంచి వేరుచేసిన పదార్థమే ఇదీ, అదీ. ఎలక్ట్రాన్లు అందుకుంటే యుబిక్వినాల్, ఇచ్చేస్తే యుబిక్వినోన్, మన ఒంట్లో రోజంతా అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. యాంటీ ఆక్సిడెంట్‌గా, అంటే కణాలు పాడవకుండా కాపాడేదిగా పనిచేసేది యుబిక్వినాల్ రూపమే, షాపులవాళ్లు పట్టుకున్నది ఆ ఒక్క ముక్కనే. కానీ యుబిక్వినోన్ మింగినా పేగుల్లోంచి రక్తంలోకి చేరేసరికి చాలావరకు యుబిక్వినాల్‌గా మారిపోతుంది. యుబిక్వినాల్ వాడితే రక్తంలో స్థాయి కాస్త ఎక్కువ కనిపించిన పరీక్షలూ ఉన్నాయి, కాదనను. అయితే గుండె బలహీనపడిన 420 మందిపై చేసి 2014లో ఫలితాలు ప్రకటించిన క్యూ-సింబియో పరీక్షలో మేలు కనిపించింది ఆ పాత రకంతోనే, 100 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు. ఇక స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పుల సంగతంటారా, కొన్ని పరీక్షల్లో తగ్గాయి, కొన్నింట్లో ఏ తేడా లేదు. ఆ మాట కూడా షాపులో ఎవరూ చెప్పరు.

నిజంగా చూసుకోవాల్సింది పొడా, నూనెలో కలిపిందా అని. ఇది కొవ్వులో కరిగే పదార్థం, నీళ్లలో కరగదు, పొడి మాత్రగా పరగడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. మా నాన్నగారు సరిగ్గా అలాగే, పొద్దున్నే కాఫీకి ముందు వేసుకునేవారు! ఇప్పుడు యుబిక్వినోన్‌లోనే నూనె ఉన్న మెత్తటి క్యాప్సూల్ తెచ్చి, మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాక ఇస్తున్నాను. ఒకటి కత్తెరతో కోసి చూశాను, నారింజ రంగు నూనె వేలికి అంటుకుని పసుపు మరకలా రెండు రోజులు పోలేదు.

ఇంకో మాట. పక్కింటి మామయ్యగారు గుండె వాల్వు ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నారు. మమ్మల్ని చూసి ఆయనా కొనబోయారు, నేనే ఆపాను. కోక్యూ10 వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గించవచ్చు, డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. నేను కొన్న షాపులో మాత్రం ఇంకేం మందులు వాడుతున్నారని ఒక్క మాట అడగలేదు. అలాగే ఇది వేసుకుంటున్నాం కదా అని స్టాటిన్ మానేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

చీటీ మీద కోక్యూ10 అని రాసి వదిలేయకుండా ఏ రూపమో, ఎన్ని మిల్లీగ్రాములో, అన్నం తిన్నాక వేసుకోవాలనీ రాయమని మీ పత్రిక ద్వారా డాక్టర్లందరినీ అడుగుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి