వాండిల్ ఒడ్డు నుంచి

కార్షల్టన్, దక్షిణ లండన్,
నవంబరు

చిట్టితల్లీ,

నీకు ఏడేళ్లప్పుడు పెడన వెళ్లొచ్చిన వారమే గ్రోవ్ పార్కు వంతెన మీద అడిగావు, "నాన్నా, తాతయ్య వాళ్ల కాలువ బురదగా ఉంటే ఈ ఏరు అద్దంలా ఎందుకుంది?" అని. అప్పుడు ఏదో చెప్పి దాటేశాను. మొన్న ఆదివారం పొద్దున అదే వంతెన మీద నిలబడితే ఆ బాకీ గుర్తొచ్చింది.

వాండిల్ ఊటల ఏరమ్మా. దక్షిణాన నార్త్ డౌన్స్ గుట్టలన్నీ సుద్ద. కురిసిన వాన అందులోకి ఇంకి, వడకట్టుకుని, నింపాదిగా మన దగ్గర పైకొస్తుంది. అందుకే బురద ఉండదు. ఊట నీరు ఏడాది పొడవునా 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఈ చలిలో చెయ్యి పెడితే వెచ్చగా తోస్తుంది. ఇలా సుద్దలోంచి పుట్టే ఏర్లు ప్రపంచం మొత్తమ్మీద రెండొందల పైచిలుకే, చాలావరకు ఇంగ్లండులోనే.

క్రోయిడన్ వైపు నుంచి వచ్చే పాయ, మన కార్షల్టన్ పాయ విల్డర్‌నెస్ ఐలాండ్ దగ్గర కలిసి, మోర్డెన్ హాల్ పార్కు రెల్లు మధ్య నుంచి వాండ్స్‌వర్త్ వెళ్లి థేమ్స్‌లో పడతాయి. పొడవు దాదాపు 14 కిలోమీటర్లు. వాలు ఎక్కువ కాబట్టి ఒడ్డంతా మిల్లులుండేవి. గుడ్డల డిజైన్లకు పేరుపడ్డ విలియం మోరిస్ 1881లో ఈ ఒడ్డునే ఉన్న మెర్టన్ వచ్చాక తన అద్దకం గుడ్డలు ఈ నీళ్లలోనే జాడించేవారు. అంతకు చాలా ముందే ఇక్కడ కాలికో అనే నూలు గుడ్డ మీద అద్దకం సాగింది. మన బందరు వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన అద్దకాల మీది మోజుతో పుట్టిన పని అది. కాలువలో గుడ్డలు జాడించడం చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ సంగతి తెలిసిన రోజున ఈ ఏరు నాకు చుట్టమైపోయింది.

1960ల్లో దీన్ని మురుగుకాలువ కింద జమకట్టేశారు. తోళ్ల ఫ్యాక్టరీ ఏ రంగు వదిలితే ఆ రంగులో పారేదట.

ఆదివారం వంతెన కింద ట్రౌట్ చేప కనబడింది! జడల్లా ఊగే నీటిమొక్కల మధ్య, ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి, తోక కొస మాత్రం ఆడిస్తూ నిలబడింది. ఒంటి మీద ఎర్రచుక్కలు, వాటి చుట్టూ లేతరంగు అంచు. నా నీడ పడగానే మాయమైంది.

ఆడచేప తోకతో గులకరాళ్లు తవ్వి గుడ్లు పెడుతుంది. రోడ్ల మీది మట్టి కొట్టుకొచ్చి ఆ సందులు పూడిపోతే గుడ్లకు ఊపిరాడదు. అందుకే కొన్నిచోట్ల గులక పోశారు, పాత మిల్లుల అడ్డుకట్టలు తీసేశారు. నా బెంగల్లా ఊటల గురించే. మన కుళాయిలకు కూడా ఆ సుద్దలోంచే తోడుతున్నారు.

గుడ్లు పెట్టే కాలం జనవరి దాకా ఉంటుంది. క్రిస్మస్ సెలవులకు రాగానే ఓ పొద్దున వెళ్దాం. తవ్విన చోట గులక కడిగినట్టు తెల్లగా ఉంటుంది, అక్కడ కాలు పెట్టకూడదు. నీ రబ్బరు బూట్లు మెట్ల కిందే ఉంచాను.

నాన్న